పక్క సీటుతోనే పోటీ పెడితే?

కోడ్ అందరూ కలిసి రాస్తారు. రేటింగ్ మాత్రం ఎవరిది వారికే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోని ఈ మెలిక దగ్గరే స్నేహాలు తెగుతాయి, ప్రాజెక్టులు కుంటుపడతాయి, ఒక్కోసారి కంపెనీలే వెనకబడతాయి. అలాగని పోటీ లేకుండా పని జరుగుతుందా? మైక్రోసాఫ్ట్ నుంచి లినక్స్ దాకా అనుభవాలు ఏం చెబుతున్నాయి?

టీమ్‌లో పదిమంది. ఏడాదంతా పదిమందీ ఇరగదీశారు. రిలీజ్ టైముకి వెళ్లింది. క్లయింట్ మెచ్చుకున్నాడు. ప్రొడక్షన్‌లో పెద్ద బగ్ ఒక్కటీ రాలేదు. ఇంతలో అప్రైజల్ నెల వచ్చింది. మేనేజర్ చేతిలో ముందే నిర్ణయమైపోయిన ఓ లెక్క ఉంది. ఇద్దరికి ‘అత్యుత్తమం’, ఏడుగురికి ‘ఫర్వాలేదు’, ఒకరికి ‘అధమం’. ఎవరో ఒకరు అడుగున ఉండి తీరాలి. పని బాగుందా లేదా అన్నది తర్వాతి మాట.

ఆ టీమ్‌లో మీరూ ఉన్నారనుకోండి. పక్క సీటు కుర్రాడి కోడ్‌లో ఓ తప్పు మీ కంటపడింది. చెబితే అతని పని మెరుగవుతుంది. అతనిది మెరుగైన కొద్దీ జాబితాలో మీరు కిందికి జరుగుతారు. ఎంత మంచి మనిషైనా ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. మనుషుల్ని అలా ఆగి ఆలోచించుకునేలా చేసే పద్ధతి ఒకటి ప్రపంచంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటైన మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి నడిచింది.

గంట గీతలో చిక్కుకున్న మైక్రోసాఫ్ట్

దాని పేరు స్టాక్ ర్యాంకింగ్. మన ఆఫీసుల్లో ‘బెల్ కర్వ్’ అంటాం. దీనికి ఎక్కువ పేరు తెచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ ఒకప్పటి అధిపతి జాక్ వెల్చ్. ఉద్యోగుల్ని పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10గా విడగొట్టి, ఆ అడుగు పదిని బయటికి పంపాలన్నది ఆయన సూత్రం. అప్పట్లో బల్బుల నుంచి విమాన ఇంజిన్ల దాకా తయారుచేసే కంపెనీలో పెరిగిన ఈ ఆలోచన మెల్లగా సాఫ్ట్‌వేర్‌లోకీ వచ్చింది.

2012 ఆగస్టులో ‘వానిటీ ఫెయిర్’ పత్రికలో కర్ట్ ఐకెన్‌వాల్డ్ అనే జర్నలిస్టు మైక్రోసాఫ్ట్ మీద సుదీర్ఘ కథనం రాశాడు. తాను మాట్లాడిన ఉద్యోగులూ మాజీ ఉద్యోగులూ ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా ఈ ర్యాంకింగ్‌నే కంపెనీలోకెల్లా హానికరమైన పద్ధతిగా వేలెత్తి చూపారని అందులో చెప్పాడు. మంచి ప్రోగ్రామర్లు మరో మంచి ప్రోగ్రామర్ ఉన్న టీమ్‌లోకి వెళ్లడానికి వెనకాడేవారు. పులులన్నీ ఒకే బోనులో చేరితే అందులోనూ ఒక పులికి ‘అధమం’ ముద్ర తప్పదు కదా. మర్యాదగా మాట్లాడుతూనే, సహోద్యోగికి కావాల్సిన సమాచారంలో కాస్త వెనక ఉంచుకునేవాళ్లూ ఉండేవారు.

2011లో మను కోర్నే అనే ప్రోగ్రామర్ గీసిన కార్టూన్ ఒకటి బాగా పాకింది. అందులో ఒక్కో టెక్ కంపెనీ నిర్మాణాన్ని ఒక్కో బొమ్మగా చూపించాడు. మైక్రోసాఫ్ట్ బొమ్మలో విభాగాలు ఒకదాని మీద మరొకటి తుపాకులు గురిపెట్టి ఉంటాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాక తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఆ కార్టూన్‌ను ప్రస్తావించారు. బయటివాళ్లు వేసిన వెక్కిరింతకన్నా, లోపలివాళ్లు దాన్ని నిజమేనని ఒప్పుకోవడం ఆయన్ని ఎక్కువ బాధించింది.

నాదెళ్ల వచ్చి స్టాక్ ర్యాంకింగ్‌ను రద్దుచేశారని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆయన రాకముందే పోయింది. అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ ఇంకా కుర్చీలో ఉండగానే, 2013 నవంబరులో మానవ వనరుల విభాగాధిపతి లీసా బ్రమ్మెల్ ఉద్యోగులందరికీ లేఖ రాసి గీతకూ రేటింగులకూ ముగింపు పలికారు. నాదెళ్ల పగ్గాలు అందుకున్నది 2014 ఫిబ్రవరిలో. రూలు కాగితం మీద నుంచి పోయినా అలవాటు మనుషుల్లో మిగిలే ఉంది. దాన్ని పోగొట్టడం ఆయన వంతయింది.

మొబైల్ ఫోన్ల కాలంలో మైక్రోసాఫ్ట్ వెనకబడ్డానికి ర్యాంకింగ్ ఒక్కటే కారణమనడం అన్యాయం. వ్యాపార నిర్ణయాల్లోనూ తప్పులున్నాయి. అయితే కలిసి కొత్తది కట్టాల్సినవాళ్లు ఒకరినొకరు కొలుచుకుంటూ కూర్చోవడం ఆ తప్పుల్ని సరిదిద్దుకునే బలాన్ని తగ్గించింది.

పరీక్ష హాలు వేరు, ఆఫీసు వేరు

సేల్స్‌లో ఇద్దరికి రెండు జిల్లాలిచ్చి ఎవరు ఎక్కువ అమ్ముతారో చూడొచ్చు. ఒకరి జిల్లాతో మరొకరికి పెద్దగా పనిలేదు. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి ‘నా జిల్లా’ ఉండదు. మీరు రాసిన ఫంక్షన్‌ను నేను పిలుస్తాను. నేను మార్చిన టేబుల్ వల్ల ఇంకొకరి రిపోర్టు ఆగిపోతుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి, ఎప్పుడో ఎవరో రాసిన కోడ్ ముందు ఒంటరిగా కూర్చుంటాడు.

ఐబీఎంలో ఓఎస్/360 ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వచ్చిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ పుస్తకంలో ఓ చిన్న లెక్క చూపించాడు. ఐదుగురున్న టీమ్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమంది అయితే ఆ జతలు 45. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవాళ్లను దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఆయన అన్నది ఇందుకే. ఈ 45 జతల్లో ప్రతిదాన్నీ ప్రత్యర్థుల జతగా మార్చడమే బెల్ కర్వ్ చేసే పని.

దీని ఫలితం ముందుగా కనబడేది కోడ్ రివ్యూలో. పుల్ రిక్వెస్ట్ వస్తుంది. శ్రద్ధగా చూడాలంటే గంట పడుతుంది. ఆ గంట మీ అప్రైజల్ ఫారంలో ఎక్కడా కనిపించదు. కాబట్టి ‘బాగుంది’ అని ఓ ముక్క పడేసి అప్రూవ్ నొక్కేస్తారు. లేదంటే పగబట్టినట్టు కామా దగ్గర్నుంచీ తప్పులు పడతారు. రెండింట్లోనూ కోడ్ బాగుపడదు.

తర్వాత కేటీలో, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌లో, బయటపడుతుంది. ఉద్యోగం మానేస్తున్న మనిషితో నోటీస్ పీరియడ్‌లో ‘కేటీ ఇప్పించడం’ మన ఐటీ ఆఫీసుల్లో పెద్ద తంతు. ఏళ్లపాటు ఒక్కరి తలలోనే ఉండిపోయిందంతా కొన్ని వీడియో కాల్స్‌లో వంపేయమంటారు. అతను అన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? అతనికే తెలిసినంతకాలం అతను అవసరం. అందరికీ చెప్పేస్తే అందరిలో ఒకడు. తెలిసింది దాచుకోవడమే ఉద్యోగ భద్రత అయిన చోట డాక్యుమెంటేషన్ రాయండని ఎన్ని మెయిల్స్ పెట్టినా ఎవరూ రాయరు.

ఇదేమీ కంప్యూటర్లతో పుట్టిన జబ్బు కాదు. పీటర్ బ్లౌ అనే సామాజిక శాస్త్రవేత్త 1940ల చివర్లో అమెరికాలోని ఓ ప్రభుత్వ ఉపాధి కార్యాలయాన్ని పరిశీలించాడు. ఎవరు ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించారన్న అంకెల్ని బట్టి మనుషుల్ని గట్టిగా బేరీజు వేసిన విభాగంలో సిబ్బంది ఖాళీల వివరాల్ని పక్కవాళ్లకు తెలియకుండా దాచుకున్నారు. ఆ అంకెలకు అంత ప్రాధాన్యం ఇవ్వని విభాగంలో పంచుకున్నారు. దాచుకున్నచోట బాగా దాచినవాళ్ల వ్యక్తిగత అంకెలు పెరిగాయి. మొత్తం మీద వచ్చిన ఖాళీల్లో ఎక్కువ వాటా నింపింది మాత్రం పంచుకున్న విభాగమే. టీమ్‌లో ఒక ‘స్టార్’ కనిపించగానే టీమ్ బాగుందనుకునే మేనేజర్లు ఈ ఫలితాన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

మన దగ్గర ఇంకో అదనపు బరువుంది. ఎంసెట్ ర్యాంకు, జేఈఈ ర్యాంకు, క్యాంపస్ ప్లేస్‌మెంట్... ఇన్నేళ్లు పక్కవాణ్ని దాటడమే చదువని నేర్పి, ఒక సోమవారం పొద్దున మాదాపూర్‌లో మెడలో ట్యాగు వేసి ‘టీమ్ ప్లేయర్‌లా ఉండు’ అంటాం. పరీక్ష హాల్లో పక్కవాడికి చెబితే కాపీ. ఆఫీసులో చెప్పకపోతే తప్పు. ఈ మార్పును కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ నేర్పరు.

పోటీయే గెలిపించిన కథ

అయితే పోటీని మొత్తంగా తరిమేద్దామా? తొందరపడొద్దు. నెట్‌ఫ్లిక్స్ కథ వినండి.

2006లో నెట్‌ఫ్లిక్స్ ప్రధానంగా పోస్టులో డీవీడీలు అద్దెకిచ్చే కంపెనీ. ఫలానా సినిమా ఫలానా మనిషికి నచ్చుతుందో లేదో ఊహించే ప్రోగ్రామ్ ఒకటి దాని దగ్గర ఉండేది. దానికన్నా 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామని ఆ అక్టోబరులో ప్రకటించింది. ప్రేక్షకులిచ్చిన 10 కోట్లకు పైగా రేటింగుల్ని, పేర్లు తీసేసి, అందరి ముందూ పెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచీ వేల టీమ్‌లు బరిలోకి దిగాయి.

ఈ పోటీకి ఓ తెలివైన నిబంధన పెట్టారు. ఏటా ముందంజలో ఉన్న టీమ్‌కి 50 వేల డాలర్ల ప్రోగ్రెస్ ప్రైజ్ ఉంటుంది. అది తీసుకోవాలంటే తమ పద్ధతిని అందరికీ తెలిసేలా రాసి ప్రచురించాలి. అంటే ఈ ఏడాది గెలిచినవాళ్ల కిటుకు వచ్చే ఏడాది ప్రత్యర్థుల చేతిలో ఉంటుంది. పోటీ జరుగుతూనే పంపకమూ జరిగింది.

10 శాతం గీత దగ్గర పడేకొద్దీ ఒంటరిగా దాటలేమని అందరికీ అర్థమైంది. ఏటీ అండ్ టీ పరిశోధకులతో మొదలైన బెల్‌కోర్ టీమ్, ఆస్ట్రియా నుంచి బిగ్‌కేయాస్, కెనడా నుంచి ప్రాగ్మాటిక్ థియరీ... నిన్నటి ప్రత్యర్థులు కలిసి ఏడుగురి జట్టయ్యారు. వీళ్లను ఎదుర్కోవడానికి మిగిలినవాళ్లు ‘ది ఎన్సెంబుల్’ పేరుతో ఒక్కటయ్యారు. 2009 జులైలో గడువు ముగిసేసరికి చివరి పరీక్షలో రెండు జట్ల ఫలితమూ ఒక్కటే. తమ ఫైలును 20 నిమిషాలు ముందు పంపినందుకు మొదటి జట్టుకు బహుమతి దక్కింది.

ఇక్కడ పోటీ ఎందుకు పనిచేసింది? గెలుపు కొలత ఒకటే, అది అందరికీ ముందే తెలుసు. ఒకరి ప్రయోగం చెడిపోతే ఇంకొకరి పని ఆగదు. అడుగున ఉన్నవాళ్లను ఎవరూ ఇంటికి పంపరు. కావాలంటే చేతులు కలపొచ్చు.

దీనికి కొసమెరుపు ఉంది. బహుమతి తెచ్చిన ఆ చివరి ఫార్ములాను నెట్‌ఫ్లిక్స్ వాడుకోలేదు. మధ్యలో వచ్చిన పద్ధతుల్లో రెండింటిని వాడుకుంది గానీ, వందలకొద్దీ నమూనాల్ని కలిపి అల్లిన ఆ తుది కూర్పును నడిచే సైట్‌లో ఇమడ్చడానికి పడే శ్రమకు తగిన లాభం లేదని 2012లో కంపెనీ ఇంజినీర్లే రాశారు. ఒక ప్రశ్నకు మెరుగైన జవాబు వెతకడానికి పోటీ పనికొచ్చింది. ఆ జవాబును పదిమంది కలిసి నడపాల్సిన సిస్టమ్‌గా మార్చడం వేరే పని.

ఓడిన ఐడియా ఎవరిది?

లినక్స్‌లో పోటీకి ఇంకో ముఖం కనిపిస్తుంది. మార్కెట్లో ఒకరినొకరు తొక్కుకునే ఇంటెల్, ఏఎండీ, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల ఇంజినీర్లు ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి ఒకే కెర్నల్‌కు కలిసి కోడ్ రాస్తారు. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన మైక్రోసాఫ్ట్ కూడా ఈ వరసలో చేరింది. కింది అంతస్తు అందరిదీ, పై అంతస్తులో ఎవరి దుకాణం వారిది.

ఆ కింది అంతస్తులోనూ పోటీ లేకపోలేదు. 2007 నాటి సంగతి చూడండి. కంప్యూటర్‌లో ఒకేసారి నడిచే పనుల్లో దేనికి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో తేల్చే భాగాన్ని షెడ్యూలర్ అంటారు. వృత్తిరీత్యా మత్తుమందు డాక్టరైన కాన్ కోలివాస్ అనే ఆస్ట్రేలియన్, మామూలు డెస్క్‌టాప్ వాడేవాళ్ల ఇబ్బంది చూసి, అన్ని పనులకూ న్యాయమైన వాటా ఇచ్చే షెడ్యూలర్ రాశాడు. అది నడుస్తుందని చూపించాడు. ఇంతలో అనుభవజ్ఞుడైన కెర్నల్ డెవలపర్ ఇంగో మొల్నార్ అదే న్యాయమైన వాటా ఆలోచనతో మరో షెడ్యూలర్ రాసి ముందుకొచ్చాడు. ఆలోచనకు దారి చూపింది కోలివాసేనని బాహాటంగా చెప్పాడు కూడా. 2.6.23 వెర్షన్‌లోకి వెళ్లింది మొల్నార్ కోడే. 2023 దాకా లినక్స్‌ను నడిపింది అదే.

రెండు ప్రతిపాదనలు తలపడ్డాయి, కోట్ల మంది వాడే వ్యవస్థ బాగుపడింది. పోటీ తన పని తాను చేసింది. కానీ కోలివాస్ ఆ ఏడాదే కెర్నల్ పని నుంచి తప్పుకున్నాడు. కోడ్ ఫైలులో అతని పేరు ఉంది, మనిషి లేడు. తర్వాత రెండేళ్లకు మరో షెడ్యూలర్‌తో తిరిగొచ్చినా దాన్ని ప్రధాన కెర్నల్‌కు బయటే ఉంచుకున్నాడు.

ఐడియాల మధ్య పోటీ మనుషుల్ని తాకకుండా ఆగాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని ఆపాలి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కే ఈ సంగతి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. కోడ్ బాగోలేదని చెప్పడానికి రాసిన మనిషినే చీల్చి చెండాడే ఈమెయిల్స్‌కు ఆయన పేరుపొందాడు. 2018 సెప్టెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు. అదే సమయంలో లినక్స్ ప్రవర్తనా నియమావళి మారింది.

మైనస్ 2000

పోటీ పెట్టాక కొలవాలి. కొలిస్తే ఆ కొలత చుట్టూ పని తిరుగుతుంది. 1982లో యాపిల్ ‘లీసా’ కంప్యూటర్ టీమ్‌లో మేనేజర్లు ఓ ఫారం తెచ్చారు. ప్రతి ఇంజినీరూ ఆ వారం ఎన్ని లైన్ల కోడ్ రాశాడో నింపాలి. బిల్ ఆట్కిన్‌సన్ అప్పుడే బొమ్మలు గీసే ‘క్విక్‌డ్రా’లో ఓ భాగాన్ని తిరగరాశాడు. ప్రోగ్రామ్ వేగం అనేక రెట్లు పెరిగింది, కోడ్ రెండు వేల లైన్లు తగ్గింది. ఫారంలో ఆయన ‘-2000’ అని రాసిచ్చాడు. కొన్ని వారాల తర్వాత మేనేజర్లు ఆయన్ని ఫారం అడగడం మానేశారు.

నలభై ఏళ్లు దాటినా ఈ ఫారం రకరకాల వేషాల్లో తిరుగుతూనే ఉంది. ఎన్ని టికెట్లు మూశావు, ఎన్ని స్టోరీ పాయింట్లు కొట్టావు, ఎన్ని కమిట్లు చేశావు అంటూ లీడర్‌బోర్డులు పెడతారు. వెంటనే ఒక టికెట్ మూడవుతుంది, రెండు పాయింట్ల పని ఐదు పాయింట్లకు పెరుగుతుంది. ఇప్పుడు ఏఐ అసిస్టెంట్లు నిమిషాల్లో వందల లైన్లు రాసిపెడుతున్నాయి. రాసే వేగంతో మనుషుల్ని పోల్చడానికి ఇంక అర్థమే లేదు. ఆ కోడ్ సరైనదో కాదో చూసే రివ్యూ, ఏది రాయకూడదో తేల్చే అనుభవం, వీటికే విలువ పెరిగింది. అవి రెండూ ఇతరుల పనికి చేసే సాయమే.

‘అందరిదీ’ అంటే ఎవరిదీ కాదు

సహకారానికీ తన జబ్బులు తనకున్నాయి. రేటింగులన్నీ ఎత్తేసి, అందరికీ సమానమని ప్రకటించిన టీమ్‌లో కొన్నాళ్లకు ఓ మౌనమైన పంపకం జరిగిపోతుంది. ఇద్దరు ముగ్గురు లాగుతుంటారు, మిగిలినవాళ్లు స్టాండప్‌లో నిన్నటి మాటే ఇవాళా చెబుతుంటారు. లాగేవాళ్లు కొన్నాళ్లు చూసి వేరే ఆఫర్ లెటర్ తెచ్చుకుంటారు. నొప్పిస్తామేమోనని డిజైన్ మీటింగ్‌లో ఎవరూ అడ్డుచెప్పకపోతే, మొదట మాట్లాడినవాడి ఆలోచనే నెగ్గుతుంది. అది తప్పని ప్రొడక్షన్‌లో తేలుతుంది.

కాబట్టి పోటీ ఎంత, సహకారం ఎంత అని తూకం వేసి ప్రయోజనం లేదు. ఏది ఎక్కడ అన్నది చూడాలి. ఇంకా ఏమీ కట్టని దశలో, ఏ దారిలో వెళ్లాలో తేలని చోట, ప్రతిపాదనలు గట్టిగా పోటీపడాలి. దారి ఎంచుకున్నాక, ఒకరి కోడ్ మీద ఇంకొకరు నిలబడాల్సిన చోట, పోటీకి తావుండకూడదు. మనుషుల్ని విడిగా అంచనా వేయాల్సిందే, కానీ ఒకరి మార్కు పెరగడానికి ఇంకొకరిది తగ్గాల్సిన అవసరం లేకుండా.

మైక్రోసాఫ్ట్‌లో ర్యాంకులు పోయాక వచ్చిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఉద్యోగి పనిని మూడు వైపుల నుంచి చూడటం మొదలుపెట్టారు. స్వయంగా ఏం సాధించావు? ఇతరుల విజయానికి ఏం చేశావు? ఇతరులు చేసినదాని మీద ఏం కట్టావు? మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ‘వాళ్లు రాసింది మేమెందుకు వాడాలి, మళ్లీ మేమే రాస్తాం’ అనే పాత పట్టుదలను అది నేరుగా తాకుతుంది.

ఆ కాలంలోనే మిగతా కంపెనీలూ కదిలాయి. అడోబీ 2012లో వార్షిక రివ్యూలకు స్వస్తి చెప్పింది. యాక్సెంచర్, డెలాయిట్ 2015లో పాత పద్ధతుల్ని మార్చుకున్నాయి. ఇన్ఫోసిస్ కూడా బెల్ కర్వ్‌ను పక్కనపెట్టింది. కానీ గాలి ఎప్పుడూ ఒకవైపే వీయదు. 2025 జనవరిలో మెటా తక్కువ పనితీరు పేరుతో సుమారు 5 శాతం మందిని తీసేస్తామని ప్రకటించింది. మార్కెట్ బిగుసుకున్నప్పుడల్లా గీత మళ్లీ బయటికొస్తుంది. పేరుకు గీత లేనిచోటా హైక్ బడ్జెట్ మొత్తం ముందే ఖరారై ఉంటే అదే గీత కనిపించకుండా పనిచేస్తుంది. ఈ సంగతి దాచకుండా టీమ్‌కి చెప్పగల మేనేజర్ మీద కనీసం నమ్మకం మిగులుతుంది.

టీమ్ లీడ్లు చేయగలిగేవి

• పెద్ద నిర్ణయానికి ముందు రెండు డిజైన్లు రాయించండి. ఏ కొలత మీద తేలుస్తారో వాటిని చూడకముందే చెప్పండి. ఓడిన డిజైన్‌లోంచి ఏం తీసుకున్నారో, అది ఎవరిదో రికార్డులో రాయండి.

• రివ్యూలకూ, ఆన్‌కాల్‌కూ, కొత్తవాళ్లకు నేర్పడానికీ స్ప్రింట్‌లో గంటలు కేటాయించండి. కేటాయించని పని లెక్కలోకి రాదు.

• ప్రతి మాడ్యూల్‌కూ ఒక ఓనరు, ఒక తోడు ఉండాలి. కేటీ నోటీస్ పీరియడ్ పని కాదు, ప్రతి నెలా జరగాల్సిన పని.

• అంకెలు చూడాలనుకుంటే టీమ్ మొత్తానివి చూడండి. పేర్ల పక్కన అంకెలతో బోర్డు పెట్టొద్దు.

• పనిచేయని మనిషితో విడిగా, సూటిగా, త్వరగా మాట్లాడండి. ఒకరితో మాట్లాడటానికి ఇబ్బందిపడి పదిమందికీ గీత గీయడం మేనేజర్ పిరికితనం.

ఇవన్నీ లీడ్ల చేతిలో ఉన్నవి. మరి ఉద్యోగి చేతిలో? ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా’ అంటారు కదా. జీతం, వర్క్ ఫ్రమ్ హోమ్ ఎలాగూ అడుగుతారు. వాటితోపాటు ఇంకొకటి అడగండి. ‘ఇంకొకరి బగ్ సరిచేయడానికి నేను రెండు రోజులు కూర్చుంటే, ఏడాది చివర్లో అది నా ఫారంలో ఎక్కడ కనిపిస్తుంది?’ ఎదుటి మేనేజర్ ఫలానా చోట అని వెంటనే చెప్పగలిగితే, ఆ టీమ్ గురించి ఆలోచించొచ్చు. ‘మాది ఒక కుటుంబంలాంటిదండీ’ అని నవ్వితే, రేటింగ్ ఎలా ఇస్తారో మరోసారి అడగండి.